తలకు గాయాలు - రకాలు, లక్షణాలు, తొలి గంటలలో తీసుకోవలసిన జాగ్రత్తలు

రోడ్డు ప్రమాదంలో పడిపోయిన వ్యక్తి తానే లేచి కూర్చుని, పేరు, ఊరు చెప్పి, బంధువులకు స్వయంగా ఫోన్ చేసి, కొన్ని గంటల తరువాత స్పృహ కోల్పోయి మరణించిన సంఘటనలు అత్యవసర విభాగాలలో పనిచేసే వైద్యులకు కొత్త కాదు. నెత్తి పగిలి బట్టలన్నీ రక్తంతో తడిసిన వ్యక్తి నాలుగు కుట్లు వేయించుకుని అదే రోజు ఇంటికి వెళ్లడం కూడా కద్దు. తల గాయాల విషయంలో పైకి కనిపించే గాయానికి, లోపల జరిగిన నష్టానికి పొంతన ఉండకపోవచ్చు. అందువల్ల గాయం ఎంత పెద్దదన్న దానికంటే, గాయపడిన వ్యక్తి పరిస్థితి గంట గంటకు ఏ విధంగా మారుతున్నదన్నదే ముఖ్యం. ఈ మార్పును మొదట గమనించగలిగినవారు వైద్యులు కాదు. పక్కన ఉన్న కుటుంబ సభ్యులు, తోటి ప్రయాణికులు. తల గాయాల రకాల గురించి, వాటి లక్షణాల గురించి ప్రజలందరికీ కనీస అవగాహన ఉండవలసిన అవసరం ఇక్కడే ఉంది.

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరుగగా 1,68,491 మంది మరణించారు. మృతులలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు. హెల్మెట్ లేకుండా ప్రయాణించి మరణించినవారు 50,029 మంది. తల గాయాలకు రోడ్డు ప్రమాదాలే కాక ఇతర కారణాలు కూడా ఉన్నాయి. తాటి, కొబ్బరి చెట్ల మీది నుంచి, నిర్మాణంలో ఉన్న భవనాల మీది నుంచి పడిపోవడం, పిట్టగోడ లేని డాబా మీది నుంచి పిల్లలు జారిపడడం, వృద్ధులు స్నానాల గదిలో కాలు జారడం, ట్రాక్టర్ బోల్తా పడడం, కొట్లాటలు, క్రీడలలో దెబ్బలు వీటిలో ముఖ్యమైనవి.

తల నిర్మాణం

మెదడు సుమారు 1,300 నుంచి 1,400 గ్రాముల బరువుండే మెత్తని అవయవం. దాని చుట్టూ మూడు పొరలు, వాటి మధ్య మస్తిష్క మేరుద్రవం అనే నీటివంటి ద్రవం, వీటన్నింటి పైన గట్టి కపాలం, దాని పైన నెత్తి చర్మం ఉంటాయి. కపాలం మెదడుకు కవచం. అయితే పెద్దవారిలో ఈ కవచం ఏ మాత్రం సాగదు. లోపల రక్తస్రావం జరిగినా, మెదడు వాచినా బయటకు పోయే దారి ఉండదు. మొదట కొంతసేపు మస్తిష్క మేరుద్రవం, సిరలలోని రక్తం పక్కకు తొలగి చోటు కల్పిస్తాయి. ఆ వెసులుబాటు తీరిపోగానే ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది. గాయపడిన వ్యక్తి కొంతసేపు బాగానే ఉండి, ఆ తరువాత వేగంగా క్షీణించడానికి ఇదే కారణం.

నెత్తి చర్మానికి గాయాలు

నెత్తి చర్మంలో రక్తనాళాలు అధికం. అవి తెగినప్పుడు తేలికగా ముడుచుకోవు కనుక చిన్న గాయం నుంచి కూడా ఎక్కువ రక్తం పోతుంది. శుభ్రమైన గుడ్డను మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టుకుంటే చాలావరకు రక్తం ఆగుతుంది. పసుపు, కాఫీ పొడి, సున్నం వంటివి గాయంలో పెట్టరాదు. వాటివల్ల చీము పట్టే ప్రమాదం ఉండడమే కాక, గాయం అడుగున ఎముక విరిగిందీ లేనిదీ చూడడం వైద్యులకు కష్టమవుతుంది. చర్మం చిట్లకుండా బొప్పి కట్టినప్పుడు దానిని రుద్దకుండా చల్లని కాపడం పెడితే సరిపోతుంది.

కపాలం ఎముకలు విరగడం

కపాలం విరగడం మూడు రకాలుగా కనిపిస్తుంది. మొదటిది గీతలా చీలిక ఏర్పడడం. ఎముక కదలకపోతే దీనికి ప్రత్యేక చికిత్స అవసరం ఉండదు. కానీ ఆ చీలిక కింద రక్తనాళం తెగి ఉండవచ్చు కాబట్టి రోగిని పరిశీలనలో ఉంచుతారు.

రెండవది ఎముక లోపలికి కుంగిపోవడం. రాయి, ఇటుక, కర్ర వంటి వాటితో ఒకే చోట బలమైన దెబ్బ తగిలినప్పుడు ఇలా జరుగుతుంది. కుంగిన ఎముక మెదడును నొక్కవచ్చు, ఫిట్స్ రావచ్చు. పైన చర్మం కూడా చిట్లితే మెదడుకు ఇన్ఫెక్షన్ సోకే ప్రమాదం ఉన్నందున శస్త్రచికిత్స అవసరం కావచ్చు. ఎముక కుంగిన చోట వేలితో నొక్కి చూడరాదు. గుచ్చుకున్న వస్తువును బయటకు లాగరాదు.

మూడవది కపాలం అడుగు భాగం విరగడం. దీనికి పైకి గాయమే కనిపించకపోవచ్చు. ముక్కు నుంచి గాని, చెవి నుంచి గాని రక్తంతో కలిసి పలుచని నీరు కారడం, రెండు కళ్ల చుట్టూ నల్లగా కమలడం, చెవి వెనుక ఎముక మీద నీలి మచ్చ ఏర్పడడం దీని గుర్తులు. కమిలిన మచ్చలు వెంటనే కాక కొన్ని గంటలకు లేదా మరునాటికి బయటపడవచ్చు. వాసన తెలియకపోవడం, వినికిడి తగ్గడం, మూతి ఒక పక్కకు పోవడం కూడా కనిపించవచ్చు. ముక్కు నుంచి కారే నీటిని జలుబుగా భావించి అశ్రద్ధ చేస్తే ఆ దారిలో సూక్ష్మక్రిములు ప్రవేశించి మెదడు పొరల వాపు వ్యాధి రావచ్చు. ఇటువంటివారు ముక్కు చీదరాదు. ముక్కులో, చెవిలో దూది కుక్కరాదు.

మెదడు అదురు

తలకు దెబ్బ తగలగానే మెదడు ఒక్కసారిగా కుదుపునకు లోనై, దాని పని తాత్కాలికంగా అస్తవ్యస్తం కావడాన్ని వైద్యులు కన్‌కషన్ అంటారు. కొద్దిసేపు స్పృహ తప్పడం, దిమ్మెరపోవడం, ప్రమాదం ఎలా జరిగిందో గుర్తులేకపోవడం, అడిగిన ప్రశ్ననే మళ్లీ మళ్లీ అడగడం, తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం దీని లక్షణాలు. స్పృహ తప్పకుండానే కన్‌కషన్ రావచ్చు. సి.టి. స్కాన్‌లో సాధారణంగా ఏ లోపమూ కనిపించదు. చాలామంది కొన్ని రోజుల నుంచి కొన్ని వారాలలో కోలుకుంటారు. పూర్తిగా కోలుకోకముందే మళ్లీ తలకు దెబ్బ తగలడం ప్రమాదకరం కనుక క్రీడాకారులు వైద్యుని అనుమతి లేకుండా మైదానంలోకి దిగరాదు.

మెదడు కమలడం, నరపు తంతువులు తెగడం

దెబ్బ తగిలిన చోటనే కాక దానికి ఎదురు వైపున కూడా మెదడు కపాలానికి ఒరుసుకుని కమిలిపోవచ్చు. వెల్లకిలా పడి తల వెనుక దెబ్బ తగిలినవారికి నుదుటి వెనుక భాగం, కణతల భాగం కమలడం తరచుగా కనిపిస్తుంది. కమిలిన భాగాన్ని బట్టి మాట తడబడడం, కాలుచేతుల బలహీనత, ప్రవర్తనలో మార్పు, ఫిట్స్ కలుగుతాయి. మొదటి రెండు మూడు రోజులలో ఈ కమిలిన భాగం చుట్టూ వాపు పెరుగుతుంది కనుక ఆ రోజులలో ఆసుపత్రి పరిశీలన అవసరం.

వేగంగా వెళ్తున్న వాహనం ఒక్కసారిగా ఆగినప్పుడు, తల గిరుక్కున తిరిగినప్పుడు మెదడు లోపలి నరపు తంతువులు విస్తారంగా సాగి తెగిపోతాయి. ఇటువంటి గాయం తీవ్రంగా ఉన్నవారు ప్రమాదం జరిగిన క్షణం నుంచే కోమాలో ఉంటారు. విచిత్రమేమంటే మొదటి సి.టి. స్కాన్‌లో పెద్దగా ఏమీ కనిపించకపోవచ్చు. ఎం.ఆర్.ఐ. పరీక్షలో స్పష్టత వస్తుంది. దీనికి శస్త్రచికిత్స లేదు. శ్వాస, రక్తపోటు, పోషణ సక్రమంగా ఉండేటట్లు చూస్తూ నెలల తరబడి సంరక్షణ అందించవలసి ఉంటుంది.

కపాలం లోపల రక్తస్రావం

తల గాయాలలో సకాలంలో గుర్తిస్తే ప్రాణం నిలబెట్టగలిగినవి, ఆలస్యమైతే ప్రాణం తీసేవి ఇవే.

కపాలానికి, మెదడు పై పొరకు మధ్య చేరే రక్తపు గడ్డను ఎక్స్‌ట్రాడ్యూరల్ గడ్డ అంటారు. కణత వద్ద కపాలం పలుచగా ఉంటుంది. దాని లోపలి వైపు నుంచే ఒక ధమని వెళ్తుంది. కణత ఎముక విరిగి ఆ ధమని తెగినప్పుడు రక్తం వేగంగా చేరుతుంది. దెబ్బ తగలగానే స్పృహ తప్పి, కొద్దిసేపటికి తెలివి వచ్చి, మామూలుగా మాట్లాడి, ఆ తరువాత విపరీతమైన తలనొప్పి, వాంతులు, మగతతో మళ్లీ స్పృహ కోల్పోవడం దీని ప్రత్యేక లక్షణం. మధ్యలో వచ్చే ఈ తెలివి గల వ్యవధి కొన్ని నిమిషాలు కావచ్చు, కొన్ని గంటలు కావచ్చు. రోగులందరిలోనూ ఇది కనిపించదు. కనిపించినప్పుడు మాత్రం బంధువులను మోసపుచ్చేది ఇదే. మెదడుకు నేరుగా గాయం పెద్దగా కాకపోవడం వల్ల, గడ్డను సకాలంలో తొలగిస్తే ఇటువంటివారిలో అనేకులు పూర్తిగా కోలుకుంటారు.

మెదడు పై పొర కింద చేరే గడ్డను సబ్‌డ్యూరల్ గడ్డ అంటారు. మెదడు నుంచి పై పొరకు వెళ్లే సన్నని సిరలు తెగడం వల్ల ఇది సాధారణంగా ఏర్పడుతుంది. తీవ్రమైన ప్రమాదాలలో ఇది మెదడు కమలడంతో పాటు వస్తుంది. మొదటి నుంచి స్పృహ తక్కువగా ఉంటుంది. మరణాల రేటు ఎక్కువ. వృద్ధులలో దీని రూపం వేరు. వయసుతో పాటు మెదడు కుంచించుకుపోయి సిరలు బిగుసుకుని ఉంటాయి. గుమ్మం తగిలినంత చిన్న దెబ్బకు కూడా సిర తెగి, రక్తం వారాల తరబడి మెల్లగా చేరుతుంది. దెబ్బ తగిలిన సంగతే ఇంటివారు మరచిపోయిన తరువాత మతిమరుపు, తడబడే నడక, మూత్రంపై అదుపు తప్పడం, ఒక పక్క కాలుచేయి బలహీనపడడం మొదలవుతాయి. దీనిని వయసు వల్ల వచ్చిన మతిమరుపుగానో, పక్షవాతంగానో భావించి ఊరుకోవడం జరుగుతున్నది. కపాలానికి చిన్న రంధ్రాలు చేసి ఆ రక్తాన్ని తీసివేస్తే చాలామంది మళ్లీ మామూలు మనుషులవుతారు. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారికి, మద్యపానం అలవాటు ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ.

మెదడు పొరల మధ్య ద్రవంలో రక్తం కలిసినప్పుడు తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, వెలుతురు చూడలేకపోవడం కనిపిస్తాయి. మెదడు కణజాలం లోపలే గడ్డ ఏర్పడితే ఆ భాగాన్ని బట్టి పక్షవాతం, మాట పడిపోవడం సంభవిస్తాయి.

భారత క్రికెట్ జట్టు తరపున ఆడిన రమణ్ లాంబా విషాదాంతం ఇక్కడ గుర్తు చేసుకోదగినది. 1998 ఫిబ్రవరి 20న ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్‌లో హెల్మెట్ లేకుండా బ్యాట్స్‌మన్‌కు అతి సమీపంలో ఫీల్డింగ్ చేస్తుండగా బంతి ఆయన తలకు బలంగా తగిలింది. ఆయన తానే నడిచి డ్రెస్సింగ్ రూముకు వెళ్లారు. ఆ తరువాత పరిస్థితి విషమించింది. శస్త్రచికిత్స చేసినప్పటికీ ఫిబ్రవరి 23న మరణించారు.

కపాలంలో ఒత్తిడి పెరిగినప్పుడు

ఒత్తిడి పెరుగుతున్న కొద్దీ తలనొప్పి, వాంతులు, మగత వరుసగా తీవ్రమవుతాయి. ఒక కనుపాప రెండవదాని కంటే పెద్దదై వెలుతురుకు ముడుచుకోకపోవడం, సాధారణంగా దానికి ఎదురు వైపు కాలుచేయి బలహీనపడడం అత్యంత ప్రమాదకర సంకేతాలు. చివరి దశలో రక్తపోటు పెరుగుతుంది, నాడి నెమ్మదిస్తుంది, శ్వాస క్రమం తప్పుతుంది. ఈ స్థితిలో ప్రతి నిమిషం విలువైనదే.

తీవ్రతను కొలిచే విధానం

గ్లాస్గో నగరానికి చెందిన గ్రాహం టీస్‌డేల్, బ్రయాన్ జెన్నెట్ అనే వైద్యులు 1974లో రూపొందించిన గ్లాస్గో కోమా స్కేలు నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉంది. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 చొప్పున గరిష్ఠంగా 15 మార్కులు ఉంటాయి. కనిష్ఠం 3. ఉదాహరణకు పిలిస్తేనే కళ్లు తెరిచి, పొంతన లేని వాక్యాలతో సమాధానమిస్తూ, చెప్పిన విధంగా చేయి ఎత్తగలిగిన వ్యక్తికి 3, 4, 6 కలిపి 13 మార్కులు వస్తాయి. 13 నుంచి 15 వరకు స్వల్ప గాయంగా, 9 నుంచి 12 వరకు మధ్యస్థంగా, 8 లేదా అంతకు తక్కువైతే తీవ్ర గాయంగా పరిగణిస్తారు. ఒకసారి వేసిన మార్కు కంటే వరుసగా వేసిన మార్కులు తగ్గుతున్నాయా అన్నది కీలకం. 15 నుంచి 13కు పడిపోయిన రోగి, మొదటి నుంచి 13 వద్ద నిలకడగా ఉన్న రోగి కంటే ఎక్కువ ఆందోళన కలిగించవచ్చు.

పిల్లలు, మద్యం సేవించినవారు

పసిపిల్లలు తలనొప్పి అని చెప్పలేరు. ఆపకుండా ఏడవడం, పాలు తాగకపోవడం, మాటిమాటికీ వాంతులు, అలవాటు లేని వేళ మగతగా పడి ఉండడం, మాడు ఉబ్బడం వారిలో ప్రమాద సూచనలు. శిశువుల నెత్తి చర్మం కింద చేరే రక్తమే వారికి ప్రమాదకరమైన రక్తహీనత కలిగించవచ్చు.

మద్యం వాసన వస్తున్న క్షతగాత్రుని విషయంలో మత్తు దిగితే లేస్తాడని వదిలివేయడం ప్రాణాంతకమైన పొరపాటు. మత్తు, మెదడు గాయం రెండూ మగతగానే కనిపిస్తాయి. తల గాయం లేదని నిర్ధారణ అయ్యేవరకు ఉన్నట్లే భావించాలి.

వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిన సంకేతాలు

1. కొద్దిసేపైనా స్పృహ తప్పడం, ప్రమాదం జరిగిన తీరు గుర్తులేకపోవడం
2. ఒకటి కంటే ఎక్కువసార్లు వాంతులు
3. తగ్గకుండా పెరుగుతున్న తలనొప్పి
4. మగత, లేపినా సరిగా లేవకపోవడం, తికమకగా మాట్లాడడం, అకారణ కోపం
5. ఫిట్స్
6. ముక్కు, చెవుల నుంచి రక్తం లేదా నీరు కారడం
7. కనుపాపలలో తేడా, చూపు రెండుగా కనిపించడం
8. కాలుచేతుల బలహీనత, మాట తడబాటు
9. వృద్ధులకు, రక్తం పలుచబడే మందులు వాడేవారికి తలపై ఏ దెబ్బ తగిలినా
10. ఎత్తు నుంచి పడడం, వాహనం నుంచి ఎగిరిపడడం

చేయవలసినవి, చేయకూడనివి

తలకు గాయమైన వ్యక్తికి మెడ ఎముక కూడా విరిగి ఉండవచ్చు. మెడ వంచకుండా, తల, మెడ, నడుము ఒకే వరుసలో ఉండేటట్లు ఇద్దరు ముగ్గురు కలిసి కదిలించాలి. మోటారు సైకిల్ మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకువెళ్లడం, ఆటోలో ముడిచి కూర్చోబెట్టడం తగదు. 108కు ఫోన్ చేయాలి. వాంతి అవుతుంటే శరీరమంతా ఒకేసారి పక్కకు తిప్పాలి. స్పృహ లేనివారి నోట్లో నీరు, సోడా, కాఫీ పోయరాదు. అవి ఊపిరితిత్తులలోకి వెళ్లి ఊపిరాడకుండా చేస్తాయి. ముఖం మీద నీళ్లు చల్లి, తల పట్టుకుని ఊపరాదు. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వల్ల ప్రయోజనం లేదు, హాని ఉంది. ప్రమాద సమయం, స్పృహ తప్పిన వ్యవధి, ఎన్నిసార్లు వాంతి అయింది, రోజూ వాడే మందులు ఏవి అన్న వివరాలు వైద్యులకు చెప్పాలి.

వైద్యులు పరీక్షించి ఇంటికి పంపినవారిని కనీసం 24 గంటలు ఒంటరిగా వదలరాదు. నిద్రపోనివ్వవచ్చు. అయితే వైద్యులు సూచించిన వ్యవధులలో లేపి పేరు, చోటు అడిగి చూడాలి. సొంతంగా నొప్పి మాత్రలు, నిద్ర మాత్రలు ఇవ్వరాదు.

పరీక్షలు, చికిత్స

ఎక్స్-రేలో ఎముక మాత్రమే కనిపిస్తుంది. ఎక్స్-రే బాగున్నంత మాత్రాన మెదడు బాగున్నదని కాదు. రక్తపు గడ్డలను నిమిషాలలో చూపే పరీక్ష సి.టి. స్కాన్. 1971లో లండన్‌లో తొలిసారి రోగిపై వినియోగించిన ఈ పరికరం తల గాయాల చికిత్స రూపురేఖలనే మార్చింది. మొదటి స్కాన్ మామూలుగా ఉండి లక్షణాలు పెరుగుతుంటే మళ్లీ స్కాన్ అవసరం కావచ్చు.

తల గాయాలకు ఒకప్పుడు విరివిగా ఇచ్చిన స్టెరాయిడ్ ఇంజక్షన్ల వల్ల మరణాలు పెరుగుతాయని పది వేల మందికి పైగా రోగులతో జరిపిన క్రాష్ అధ్యయనం 2004లో తేల్చింది. రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ ఆమ్లాన్ని మూడు గంటలలోపు ఇస్తే స్వల్ప, మధ్యస్థ గాయాలున్నవారిలో తల గాయం వల్ల కలిగే మరణాలు తగ్గుతాయని 2019లో వెలువడిన క్రాష్-3 అధ్యయనం తెలిపింది. ఆసుపత్రికి త్వరగా చేర్చడం ఎంత ముఖ్యమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

కోలుకున్న తరువాత కూడా తలనొప్పి, నిద్రలేమి, చిరాకు, ఏకాగ్రత లోపం, మరపు కొంతకాలం ఉండవచ్చు. ఇది సోమరితనమో, నటనో కాదు. చదువుకు, ఉద్యోగానికి క్రమంగా తిరిగి వెళ్లేందుకు కుటుంబం, యాజమాన్యం సహకరించాలి. ఫిట్స్ మందులను వైద్యుని సలహా లేకుండా ఆపరాదు.

సేవలు, చట్టపరమైన రక్షణ

108 అత్యవసర అంబులెన్స్ సేవలు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో ప్రారంభమై, నేడు రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఉచితంగా అందుతున్నాయి. హైదరాబాద్‌లోని ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు, నిమ్స్, విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి, గుంటూరు, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులలో న్యూరో సర్జరీ విభాగాలు ఉన్నాయి.

క్షతగాత్రుని ఆసుపత్రికి తీసుకువస్తే పోలీసు కేసులలో ఇరుక్కుంటామన్న భయం అవసరం లేదు. ఆపదలో ఆదుకున్నవారికి రక్షణ కల్పించే మార్గదర్శకాలను సుప్రీంకోర్టు 2016లో ఆమోదించింది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 134-ఎ సెక్షన్ ఈ రక్షణను చట్టబద్ధం చేసింది. పేరు, చిరునామా చెప్పాలని వారిని బలవంతపెట్టరాదు. రోడ్డు ప్రమాద బాధితులకు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఏడు రోజుల వరకు లక్షా యాభై వేల రూపాయల పరిమితితో నగదు రహిత చికిత్స అందించే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2025 మే నెలలో నోటిఫై చేసింది.

నివారణే ఉత్తమ మార్గం

మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం వాహనం నడిపేవారు, వెనుక కూర్చున్నవారు, నాలుగేళ్లు దాటిన పిల్లలు హెల్మెట్ ధరించడం తప్పనిసరి. హెల్మెట్ వల్ల మోటారు సైకిల్ ప్రమాదాలలో మరణం ముప్పు 42 శాతం, తల గాయం ముప్పు 69 శాతం తగ్గుతాయని 2008లో ప్రచురితమైన కాక్రేన్ సమీక్ష పేర్కొన్నది. ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్‌నే కొనాలి. గడ్డం కింద పట్టీ బిగించని హెల్మెట్ ప్రమాదంలో తల కంటే ముందే ఎగిరిపోతుంది. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ మళ్లీ పనికిరాదు. వెనుక కూర్చున్న మహిళలు చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా చూసుకోవాలి. డాబాలకు పిట్టగోడలు, మెట్లకు కటకటాలు, వృద్ధులున్న ఇళ్లలో స్నానాల గదికి జారని నేల, రాత్రివేళ వెలుతురు ఏర్పాటు చేసుకోవాలి. చెట్లెక్కేవారు, ఎత్తున పనిచేసేవారు రక్షణ తాడు వాడాలి.

తలకు దెబ్బ తగిలిన వ్యక్తి మాట్లాడుతున్నాడు కదా అని నిశ్చింతగా ఉండకుండా, మొదటి ఇరవై నాలుగు గంటలు కనిపెట్టి ఉండి, మార్పు కనిపించిన వెంటనే న్యూరో సర్జరీ సౌకర్యం గల ఆసుపత్రికి చేర్చినట్లయితే నిలబెట్టగలిగిన ప్రాణాలు అనేకం. ఈ విషయాన్ని ప్రతి కుటుంబం తెలుసుకుని, ఇరుగుపొరుగువారికి తెలియజేయవలసిన అవసరం ఎంతైనా ఉంది.